పదకొండింటికే పాడైపోయే ప్లాను

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నాకు 36 ఏళ్లు. మాది విశాఖపట్నంలో గోపాలపట్నం. ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. సర్, నేను, ఇంకో అమ్మాయి, అంతే. పార్టీలు (అంటే మా క్లయింట్లు) 42 మంది. జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు, బ్యాంకు లోన్లకి కాగితాలు, అన్నీ మా ఇద్దరి మీదే. పోయిన నెల మా తమ్ముడు (రుషికొండలో సాఫ్ట్‌వేర్) టైమ్‌బాక్సింగ్ గురించి చెప్పాడు. రోజంతా గడులుగా కోసుకుని ఒక్కో గడిలో ఒక్కో పని రాసుకోవాలట. ఆదివారం రాత్రి కూర్చుని రంగులు వేసి మరీ ప్లాను రాసుకున్నాను. సోమవారం 9.30కి మొదటి గడి మొదలెట్టాను. 9.42కి ఫోను. 9.55కి సర్ పిలిచి పాత ఫైలు అడిగారు, అది దొరికేసరికి 10.20. పదిన్నరకి ఒక పార్టీ వచ్చి, బ్యాంకు వాళ్లు ఏవో కాగితాలు అడిగారంటూ కూర్చున్నాడు. 11.30కి చూస్తే నాలుగు గడులు దాటిపోయాయి, ఒక్క పనీ అవలేదు. ఆ కాగితం చింపేయాలనిపించింది. మంగళవారం కూడా అంతే. రోజు మొత్తం మీద నేను కుదురుగా కూర్చుని చేసిన పని మూడు గంటలుంటుందేమో, కానీ ఇంటికెళ్లేసరికి ఒళ్లు హూనం. పద్ధతి తప్పా, నేను తప్పా? సాయంత్రాలు, పిల్లల చదువులు కూడా ఇలా గడుల్లో పెట్టుకోమంటారా? నా పేరు వేయకండి.

జవాబు: అమ్మా, మీరు పంపిన ఆ ప్లాను కాగితం నా ముందుంది. జీఎస్టీకి ఆకుపచ్చ, టీడీఎస్‌కి నారింజ, బ్యాంకు పనులకి నీలం. చూడముచ్చటగా ఉంది. కళ్లజోడు పెట్టుకుని లెక్కపెట్టాను. 9.30 నుంచి 6.30 దాకా అరగంట గడులు పద్దెనిమిది. భోజనానికి ఒకటి పోతే పదిహేడు. పదిహేడూ నిండుగా ఉన్నాయి. ఫోనుకి గడి లేదు. సర్ పిలుపుకి లేదు. పార్టీ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చోవడానికి లేదు. మంచినీళ్లకి లేచే సందు కూడా లేదు. ఇది మీ ఆఫీసుకి రాసిన ప్లానులా లేదమ్మా. ఎవరూ రాని, ఎవరూ పిలవని, కరెంటు పోని ఇంకేదో ఆఫీసుకి రాసినట్టుంది.

సూటిగా చెప్పాలంటే పద్ధతి పనికొచ్చేదే, మీరూ పనిమంతులే. కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించారు, అంతే.

ఈ కొలత సంగతి నాకెలా తెలిసిందో చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో ప్లానింగ్ సెక్షన్‌లో వేశారు నన్ను. ఫ్యాక్టరీ పేరెందుకులెండి. మరమ్మతుల కోసం మిషన్లు ఆపే షట్‌డౌన్ వారంలో ఎవరు ఏ గంటకి ఏం చేయాలో చార్టు గీయడం నా పని. షిఫ్టు 8 గంటలు కాబట్టి మనిషికి 8 గంటల పని రాశాను. అన్ని గడులూ నిండాయని మురిసిపోయాను కూడా. రెండో రోజు మధ్యాహ్నానికి చార్టుది ఒక దారి, పనిది ఒక దారి. వెళ్లి ఫోర్‌మన్ మీద ఎగిరాను. పెదగంట్యాడ మనిషి, నాకన్నా బాగా పెద్దాయన. చార్టు అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, మీ చార్టులో మనుషులకి కాళ్లు లేవండి" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. రమ్మని తన వెంట తిప్పాడు. ఫిట్టర్ గేటు దాటి వస్తాడు. పర్మిట్ మీద సంతకం కోసం నిలబడతాడు. టూల్ స్టోర్‌కి నడుస్తాడు. స్పానర్ పట్టుకుని తిరిగొచ్చేసరికి క్రేన్ వేరే బేలో ఉంటుంది. క్రేన్ వచ్చేసరికి టీ టైము. ఆ రోజంతా వాచీ చూసుకుంటూ ఒకే ఫిట్టర్ వెనకాల తిరిగాను. స్పానర్ నట్టు మీద ఉన్నది మొత్తం మూడు గంటల నలభై నిమిషాలు. ఆయన సోమరి కాడు. ఆ సెక్షన్‌లో అంత మంచి చెయ్యి ఇంకొకరిది లేదు. తర్వాతి షట్‌డౌన్‌కి మనిషికి నాలుగు గంటల లెక్కన గీశాను. మా మేనేజరు చూసి నాలుగు చీవాట్లు పెట్టాడు. పని అనుకున్న రోజుకే అయింది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మీరు సిగ్గుపడుతూ రాసిన ఆ మూడు గంటలు ఉన్నాయి చూశారా, అదే మీ స్పానర్ నట్టు మీద ఉన్న టైము. ప్లాను దాని మీద కట్టాలి. తొమ్మిది గంటల మీద కాదు.

అయితే "మూడు గంటలుంటుందేమో" అన్నారు. ఆ "ఏమో" ముందు తీసేద్దాం. ఒక చిన్న నోట్‌బుక్ కొనండి, కంప్యూటర్‌లో వద్దు. మూడు రోజుల పాటు ఏ ప్లానూ వేసుకోకండి. ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఎవరు ఆపారు, ఇంతే రాయండి. నిజానికి మీ ఉత్తరంలోనే సగం రాసేశారు. 9.42 ఫోను, 9.55 సర్, 10.20 ఫైలు, 10.30 పార్టీ. ఇలా మూడు పేజీలు అయ్యాక వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఆటంకాలు ఎప్పుడు పడితే అప్పుడు వస్తున్నాయని మనకి అనిపిస్తుంది కానీ, చాలాసార్లు వాటికీ ఒక వేళ ఉంటుంది. దుకాణం తెరిచి, దీపం పెట్టి, కుర్రాణ్ని టీకి పంపాక యజమానికి ఆడిటర్ ఆఫీసు గుర్తొస్తుంది. మీ 9.42 ఫోను అలాంటిదే అయ్యుంటుంది. మీ సర్ కూడా రాగానే మెయిల్స్ చూసుకుని, అందులో ఏదో కనబడి మిమ్మల్ని పిలుస్తూ ఉండొచ్చు. అదే నిజమైతే 9.30కి పెద్ద పని పెట్టుకోవడమంటే వానలో బట్టలారేసినట్టే.

ఇక గడి అంటే ఏమిటో చూద్దాం. మీ తమ్ముడు సగమే చెప్పాడనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ వాళ్లలో స్క్రమ్ అని ఒక పద్ధతి ఉంది. అందులో రోజూ జరిగే చిన్న మీటింగుకి 15 నిమిషాలు హద్దు. పావుగంట అయిందంటే ముగించాలి, మిగతా సంగతి విడిగా మాట్లాడుకోవాలి. టైమ్‌బాక్స్‌లో ఉన్న కీలకం ఆ హద్దే. ఏ పని ఎప్పుడు మొదలెట్టాలో రాసుకోవడం టైమ్‌టేబుల్. అది బడిలో ఉన్నప్పుడే నేర్చుకున్నాం.

మేము కంచరపాలెంలో అద్దెకున్న రోజుల్లో మున్సిపల్ కుళాయి పొద్దున్న ఐదున్నరకి వచ్చి ఆరుంబావుకి పోయేది. ఆ ముప్పావుగంటలో మా ఆవిడ పని చూడాలి. ముందు తాగే నీళ్ల బిందెలు. తర్వాత వంటింటి డ్రమ్ము. ఆ తర్వాత బట్టల బకెట్లు. ఇంకా ధార ఉంటే తులసి కోట దగ్గర మొక్కలకి. మీ డ్రమ్ము నిండిందా అని కుళాయి అడగదు, టైమైతే పోతుంది. పోయిందని మా ఆవిడ కూలబడి ఏడ్చిందీ లేదు. తాగే నీళ్లు పట్టుకుంది కదా, బట్టలు రేపు. మీరు గడి పెట్టుకునేటప్పుడు ఆ కుళాయిని తలుచుకోండి. ఈ యాభై నిమిషాల్లో ముందు ఏ బిందె పెట్టాలి? ఏది నిండకపోయినా కొంప మునగదు? ఆ రెండూ తెలియకుండా "జీఎస్టీ పని" అని గడిలో రాస్తే, అది డ్రమ్ము పేరు రాసినట్టు అవుతుంది గానీ పని రాసినట్టు అవదు.

హద్దు లేకపోతే ఏమవుతుందో 1955లో సిరిల్ నార్త్‌కోట్ పార్కిన్సన్ అనే బ్రిటన్ ఆయన 'ది ఎకనమిస్ట్' పత్రికలో వేళాకోళంగా రాశాడు. ఎంత టైమిస్తే పని అంతకీ సాగుతుందంటాడు. ఆయన చెప్పిన ఉదాహరణలో ఒక ముసలావిడ మేనకోడలికి కార్డు ముక్క రాయడానికి రోజంతా తీసుకుంటుంది. కార్డు వెతకడానికి ఒక గంట, కళ్లజోడు వెతకడానికి ఇంకో గంట, పోస్టుడబ్బా దాకా గొడుగు పట్టుకెళ్లాలా వద్దా అని ఇరవై నిమిషాలు. నవ్వొస్తుంది గానీ, ఎక్సెల్ షీట్‌కి బోర్డర్లు గీస్తూ అరగంట గడిపిన వాళ్లెవరైనా ఆవిడ చుట్టాలే.

ఇప్పుడు ఒక్క గడిని దగ్గరగా చూద్దాం. మా కోడలిదీ మీ వృత్తే, మద్దిలపాలెంలో. నెల మధ్యలో ఇంటి దగ్గరినుంచి పని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను, కాబట్టి ఈ లెక్క ఊహించి చెప్తున్నది కాదు. నెలనెలా 14న టూ బీ, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లుల జీఎస్టీ పట్టీ, వస్తుంది కదా. ఆవిడ ముందున్నది పూర్ణా మార్కెట్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ పార్టీది. కొనుగోలు బిల్లులు దాదాపు 140. పర్చేజ్ రిజిస్టర్‌కీ టూ బీకీ పోల్చాలి. మొదటిసారి పై నుంచి కిందకి తేదీల వరసలో పోలుస్తూ వెళ్లింది. 180 రూపాయల టాక్స్ ఉన్న ఒక ప్యాకింగ్ కవర్ల బిల్లు దొరకలేదని పదకొండు నిమిషాలు దాని వెనకాల పడింది. నేను గడియారం చూస్తున్నానని ఆవిడకి తెలియదు. ఆ పార్టీకి ఫోన్ చేసింది, ఆయన ఎత్తలేదు, మళ్లీ చేసింది. యాభై నిమిషాలు అయ్యేసరికి సగం బిల్లులు కూడా అవలేదు.

మర్నాడు ఇంకో పార్టీది చేసేటప్పుడు కొంచెం మార్చమన్నాను. రిజిస్టర్‌ని తేదీల వరసలో కాకుండా టాక్స్ మొత్తం ఎక్కువ ఉన్నది పైన వచ్చేలా పెట్టుకుంది. పెద్ద బిల్లులు ముందు. దొరకని బిల్లు దగ్గర ఆగకుండా పక్కన ఎర్ర చుక్క పెట్టి ముందుకి వెళ్లిపోయింది. నలభై నిమిషాలకి పెద్దవన్నీ అయిపోయాయి, చిన్నవి ఇరవై మిగిలాయి, ఎర్ర చుక్కలు తొమ్మిది. అప్పుడు ఆ తొమ్మిది బిల్లుల నంబర్లూ ఒకే వాట్సాప్ మెసేజ్‌లో పార్టీకి పెట్టింది: "ఈ సప్లయర్లు మీ బిల్లు ఎక్కించినట్టు కనబడట్లేదు, ఒకసారి వాళ్లని అడగండి." తొమ్మిది ఫోన్లు పోయి ఒక మెసేజ్ అయింది. చివరి ఐదు నిమిషాలు పని ఆపేసి నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకుంది: "చిన్నవి 20 ఉన్నాయి, పార్టీ జవాబు రావాలి, ఇంకో 25 నిమిషాలు." గడి మూసేసింది.

ఆ చివరి ముక్క విషయంలో అశ్రద్ధ చేయకండి. రాయకపోతే రేపు ఆ పని తెరిచినప్పుడు ఎక్కడ ఆపామో వెతుక్కోవడానికే పది నిమిషాలు పోతాయి. అంతకన్నా ముఖ్యం, రాయని పని బుర్రలోంచి దిగదు. తర్వాతి పని చేస్తున్నా వెనకాల గొణుగుతూనే ఉంటుంది. మీ ఒళ్లు హూనమవడానికి సగం కారణం ఆ గొణుగుడే అని నా అనుమానం.

ఇక్కడ ఒక జాగ్రత్త. టైమైపోయింది కాబట్టి అయినంతవరకే చాలు అనుకునే పనులు కొన్ని ఉంటాయి. సర్ అడిగిన రిపోర్టుకి సోకులు, మెయిల్‌కి చక్కటి ఇంగ్లిషు, ఫైళ్లు సర్దడం, ఇవి అలాంటివి. గడి అయిందా, అక్కడితో సరి. రిటర్ను అలా కాదు. అందులో తప్పు పోతే నోటీసు వస్తుంది, వడ్డీ పడుతుంది. టైమైందని మూసేసి ఫైల్ చేసేయమని నేను చెప్పట్లేదు. అలాంటి పనికి గడి కత్తెరలా పనిచేయకూడదు, కుంచంలా పనిచేయాలి. ఈ పార్టీ టూ బీ ఒక కుంచం అనుకున్నాం, ఒకటిన్నర అయింది. మిగతా సగానికి ఇంకో గడి ఇవ్వాలి. వచ్చే నెల మొదటి రోజునే ఒకటిన్నర రాసుకోవాలి.

ఆ రాసుకోవడంలోనే అందరం తప్పుతాం, నేనూ తప్పుతాను. 1994లో అచ్చయిన ఒక పరిశోధన ఉంది. డిగ్రీ చివర్లో థీసిస్ రాస్తున్న విద్యార్థులని ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ ఎదురుతిరిగితే ఎన్ని రోజులు పట్టొచ్చని కూడా అడిగితే 48, 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజుల పైనే. అంటే భయపడుతూ వేసుకున్న లెక్క కూడా చాల్లేదు. వాళ్లేమీ తెలివితక్కువ వాళ్లు కారు. ముందుకు చూసి లెక్కేశారు, వెనక్కి చూడలేదు. మీకు పదకొండేళ్ల అనుభవం ఉంది కదా. "ఈ పార్టీది ఎంతసేపు పట్టాలి" అని అడక్కండి, "పోయిన నెల ఎంతసేపు పట్టింది" అని అడగండి. నోట్‌బుక్‌లో రెండు గీతలు గీసి, ఒక పక్క అనుకున్నది, ఒక పక్క పట్టింది. రెండు వారాలకి మీ లెక్క మీకే తెలుస్తుంది. కొందరికి ఒకటిన్నర రెట్లు, కొందరికి రెండు రెట్లు. మా కోడలికి టాలీ ఎంట్రీలు అనుకున్నట్టే అవుతాయి, బ్యాంకు కాగితాలు మాత్రం ఎప్పుడూ రెట్టింపే. ఎందుకంటే అవి ఆవిడ చేతిలో ఉన్నవి కావు, పార్టీ సగం కాగితాలే తెస్తాడు.

మీ రోజుని నేనైతే ఎలా కోస్తానో చెప్తాను, మీ నోట్‌బుక్ ఇంకోలా చెప్తే దాని మాటే వినండి. మొదటి గంట మీది కాదనుకోండి. ఆ ఫోన్లు, ఆ ఫైలు, ఆ మెయిల్స్, అన్నీ పదిన్నరలోపు రానివ్వండి. 10.40 నుంచి 11.30 మొదటి పెద్ద గడి. పావుగంట ఊపిరి. 11.45 నుంచి 12.35 రెండో పెద్ద గడి. ఒంటిగంట దాకా తిరిగి చేయాల్సిన ఫోన్లు. క్యారేజీ విప్పాక కళ్లు మూతపడతాయి, అది అందరికీ ఉన్నదే. అప్పుడు టూ బీ పెట్టుకుంటే 6 కాస్తా 9 అవుతుంది. రెండున్నర నుంచి ముప్పావుగంట టాలీ ఎంట్రీలు చాలు, చెయ్యి ఆడుతుంటే నిద్ర పోతుంది. 3.15 నుంచి 4.15 ఖాళీ. తర్వాత వచ్చే పార్టీలకి, ఫోన్లకి ఐదింటి దాకా. 5 నుంచి 5.45 చివరి గడి. మొత్తం కలిపితే మూడు గంటల పది నిమిషాలు. మీ మూడు గంటలకి ఒక పది నిమిషాలు ఎక్కువే ఆశపడ్డాను.

ఆ ఖాళీ గంట చూసి మీ చెయ్యి దురద పెడుతుంది, ఏదో ఒకటి రాసేయాలని. రాయకండి. దాన్ని మా ప్లానింగ్ వాళ్లు ఫ్లోట్ అంటారు. పొద్దున్న సర్ పిలుపుకి బలైన గడి అక్కడికి వచ్చి వాలుతుంది. ఏ రోజైనా ఏదీ వాలకపోతే ఆకాశం ఊడిపడదు, చిన్న పనులు రెండు చేసుకోండి. మీ పదిహేడు గడుల ప్లానులో ఒక్క గడి జారితే మిగతా పదహారూ జారాయి. అందుకే 11.30కే చింపేయాలనిపించింది.

ఇక సర్. పిలవొద్దని చెప్పలేరు, చెప్పమని నేనూ అనను. ఆయన ఆఫీసు అది. కానీ పిలుపుకీ లేవడానికీ మధ్య ఒక్క వాక్యం పెట్టొచ్చు. "సర్, పూర్ణా మార్కెట్ పార్టీ టూ బీ మీద ఉన్నాను, పదకొండున్నరకి అవుతుంది. అప్పుడు తెస్తే సరిపోతుందా, ఇప్పుడే కావాలా?" చాలాసార్లు "సరేనమ్మా, అయ్యాకే చూడు" అనే అంటారు. ఆయనకి ఆ ఫైలు గుర్తొచ్చింది కాబట్టి పిలిచారు, మీ చేతిలో ఏముందో ఆయనకి కనబడదు. ఇప్పుడే కావాలంటే చిరాకు పడకుండా లేవండి. లేచే ముందు నోట్‌బుక్‌లో ఆ ఒక్క ముక్క రాసి మరీ లేవండి.

పార్టీలకి కూడా అంతే. ఫోనెత్తి ఇరవై నిమిషాలు మాట్లాడటం కన్నా "బాబూ, నాలుగుంబావు తర్వాత నేనే చేస్తాను" అని, నిజంగా నాలుగుంబావుకి చేయండి. ఈ రెండో సగం మర్చిపోతే మొదటి సగానికి విలువుండదు. ఒకట్రెండు వారాలు మాట నిలబెట్టుకుంటే వాళ్లే అలవాటు పడతారు. మీరూ, ఆ ఇంకో అమ్మాయీ గడులు ఒకేసారి పెట్టుకోకండి. ఆమె గడిలో ఉన్నప్పుడు ఫోన్లు మీరు, మీరు ఉన్నప్పుడు ఆమె. ఇద్దరున్న ఆఫీసులో ఇంతకన్నా పనికొచ్చే ఏర్పాటు నాకు తెలియదు. వచ్చిన ఫోను ఒక స్లిప్పు మీద రాసి పక్కన పెడితే చాలు, అప్పటికప్పుడు తీర్చక్కర్లేదు.

టైమర్ ఫోన్‌లో పెట్టుకోకండి. టైము చూద్దామని తీస్తే మూడు వాట్సాప్‌లు కనబడతాయి. ఒక ఇటాలియన్ కుర్రాడు, ఫ్రాన్సెస్కో సిరిల్లో, 1980ల చివర్లో చదువుకునే రోజుల్లో టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ పెట్టుకుని 25 నిమిషాల చొప్పున చదివేవాడట. ఆ పద్ధతికి పొమొడొరో అని ఆ టమాటా పేరే స్థిరపడిపోయింది. మీ పనికి 25 చాలదు, టూ బీ తెరిచి సర్దుకునేసరికే పది పోతాయి. కానీ వంటింటి టైమర్ ఆలోచన మాత్రం బాగుంది. జగదాంబ దగ్గర ఏ స్టీలు సామాన్ల కొట్లో అయినా దొరుకుతుంది.

నెలంతా ఒకేలా కోయొద్దు. 7న టీడీఎస్ కట్టాలి, 11న ఆర్ వన్ (అమ్మకాల జీఎస్టీ రిటర్ను), 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న త్రీబీ (జీఎస్టీ పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను). 18, 19, 20 తేదీల్లో గడులు, రంగులు అన్నీ పక్కన పెట్టేయండి. ఆ మూడు రోజులు ఒకటే వరస: ఏ పార్టీది ముందు, ఏది తర్వాత. 20 సాయంత్రం పోర్టల్ ఎంత నీరసంగా నడుస్తుందో మీకు నేను చెప్పాలా. త్రీబీ ఒక రోజు ఆలస్యమైతే పన్ను ఉన్న పార్టీకి 50 రూపాయల లేట్ ఫీ, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ లెక్క. కాబట్టి ఆ రోజుల్లో ఫోన్ ఎత్తకపోవడం, ఖాళీ గంట ఉంచుకోవడం లాంటి నీతులు పనిచేయవు. గడుల పద్ధతి 14 నుంచి 17 దాకా సరిగ్గా నడిస్తే మాత్రం 20న తిట్లు తగ్గుతాయి. పెద్ద పార్టీల టూ బీలు ఆ నాలుగు రోజుల్లోనే అయిపోవాలి. జవాబు ఇవ్వని పార్టీలకి మెసేజ్ 15కే వెళ్లిపోవాలి.

సాయంత్రాల గురించి అడిగారు. వద్దమ్మా. పిల్లాడి లెక్కలకి అరగంట గడి పెట్టి, అరగంటకి వాడికి భాగహారం రాలేదని మీకు రక్తపోటు తెచ్చుకోవడం ఎందుకు? ఎన్ఏడీ కూడలి దగ్గర బస్సు ఎంతసేపు ఆగుతుందో మీ చేతిలో లేదు. కిటికీ సీటు దొరికితే కళ్లు మూసుకోండి. అయితే ఆఫీసు వదిలే ముందు 6.10కి ఒక పావుగంట మాత్రం అడుగుతాను. రేపటి నాలుగు గడుల్లో ఏం పెట్టాలో, ఒక్కోదానిలో మొదటి బిందె ఏదో రాసి, నోట్‌బుక్ డ్రాయర్‌లో పెట్టేయండి. ఇంటికి తీసుకెళ్లొద్దు. ఆదివారం రాత్రి రంగుపెన్సిళ్లు కూడా వద్దు.

ఇంకొకటి ఉంది, కొంచెం కష్టమైనది. ఇవన్నీ చేశాక కూడా పని మిగిలిపోవచ్చు. 42 పార్టీలు, ఇద్దరు మనుషులు. మా కోడలి ఆఫీసులో ముప్పై పార్టీలకి ముగ్గురు. మీ పార్టీలు చిన్నవో పెద్దవో నాకు తెలియదు కాబట్టి ఎక్కువో తక్కువో తేల్చి చెప్పలేను, మీ నోట్‌బుక్ తేలుస్తుంది. రెండు వారాల పేజీలు కూడి, ఒక్కో పార్టీకి నెలకి ఎన్ని గంటలు పడుతున్నాయో వేయండి. ఇద్దరికీ కలిపి నెలలో నికరంగా ఎన్ని గంటలు ఉన్నాయో పక్కన వేయండి. మొదటిది రెండోదానికన్నా పెద్దదైతే అది ఏ గడులతోనూ తీరేది కాదు, సర్‌తో మాట్లాడాల్సింది. నేను చార్టు పట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్లినప్పుడు "మనుషులు చాలట్లేదు సర్" అని మొదలెట్టి తిట్లు తిన్నాను. మీరు ఆ మాట అనకండి. కాగితం ఆయన టేబుల్ మీద పెట్టి "సర్, ఇవి గంటలు. ఇందులో ఏ పార్టీ పని ముందు చేయమంటారో, ఏది ఆగొచ్చో మీరే గుర్తు పెట్టండి" అనండి. తగ్గించడమో, ఇంకో మనిషిని పెట్టడమో, పార్టీల దగ్గర ఫీజు పెంచడమో, అది ఆయన లెక్క.

20 లోపు మాత్రం వెళ్లకండి. 23నో 24నో, మధ్యాహ్నం టీ అయ్యాక వెళ్లండి. ఆ పేజీ జిరాక్స్ తీసి ఒకటి మీ డ్రాయర్‌లో ఉంచుకోండి, ఆయన దాని మీద పెన్నుతో గీతలు పెట్టాక అసలుది మీకు తిరిగి రాదు.